ఫోటో ఇంకా పడలేదు

మా పాత కెమెరాకి చప్పుడెక్కువ. మీట నొక్కితే లోపలి అద్దం పైకి లేచి మళ్ళీ కిందపడేది. ఆ లేవటం, పడటం కలిసి 'ట-టక్' అని వినపడేది. పెళ్ళిలో మేళం ఒక్క క్షణం ఆగితే చాలు, పందిరి చివర కూర్చున్న ముసలమ్మకి కూడా ఫోటో పడిందని తెలిసిపోయేది. ఇప్పుడు మా దగ్గరున్న కెమెరాలో అద్దం లేదు. అందుకే దాన్ని మిర్రర్‌లెస్ అంటారు. అద్దం లేదు కాబట్టి ఆ చప్పుడూ లేదు. అది ఇంటికి వచ్చినప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. కెమెరా మంచిదే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే కొత్త వస్తువు కనపడితే చాలు శాపనార్థాలు పెట్టే రకం అనుకుంటారు నన్ను.

ఇనప గనులున్న బచేలిలో, మార్కెట్ లైన్లో మాదొక చిన్న స్టూడియో. మా నాన్న, మా మామగారు ఇద్దరూ కిరందుల్ లైన్లో రైల్వే పనికి విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళే. మామగారు కీమ్యాన్. రోజూ సుత్తి పట్టుకుని పట్టాల వెంట నడవటం, కొట్టి చూడటం, మోగిన తీరుని బట్టి ఏది వదులైందో కనిపెట్టి బిగించటం ఆయన ఉద్యోగం. సెలవు రోజుల్లో మా ఆయన కూడా తండ్రి వెనక నడిచేవారట. కొడుక్కి రైల్వే ఉద్యోగం రాలేదు గానీ ఆ చెవి వచ్చింది. కుక్కర్ విజిల్ విని నీళ్ళు తక్కువయ్యాయని చెప్పగల మనిషి. వంటింట్లో నాకు అదొక నస.

స్టూడియో పెట్టింది ఆయనే. మొదట్లో నేను ఆల్బమ్‌లు అతికించి, గిరాకీలకి టీలు పోసేదాన్ని. ఆ రోజుల్లో ఈ టౌన్‌షిప్‌లో తెలుగువాళ్ళ పెళ్ళి ఏది జరిగినా, హిందువులదైనా క్రైస్తవులదైనా, ఫోటోలు ఆయనే తీసేవారు. తర్వాత చీకటి పడితే తడుముకోవటం మొదలైంది. రేచీకటి అనుకున్నాం. ఆకుకూరలు తిన్నాం, మొక్కులు మొక్కాం. ఒక వేసవిలో విశాఖపట్నం వెళ్ళి పెద్ద డాక్టర్‌కి చూపిస్తే, కంటి వెనక పొర ఎండిపోతోందని, అంచుల నుంచి చూపు తగ్గుతూ వస్తుందని, దీనికి మందు లేదని చెప్పారు. తిరుగు ప్రయాణంలో అరకు సొరంగాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే, ప్రతి సొరంగం దాటాక ఆయన నా వైపు తిరిగి, "వచ్చీసిందేటి, బయటికి?" అని అడిగారు. పట్టపగలు. రైలు పెట్టెలో అందరి మొహాలూ నాకు కనిపిస్తున్నాయి. అప్పుడే నాకు భయమంటే ఏమిటో తెలిసింది.

కెమెరా నా చేతికొచ్చింది అలా. నేర్పింది ఆయనే. తిట్టి నేర్పారు. నేనూ ఊరుకోలేదు, రెట్టింపు తిట్టాను. ఆయన లైటు తీసుకున్నారు. లైటు పట్టుకోవటం అంటే కర్రలాగా నిలబడటం అనుకుంటారు జనం. పెళ్ళికూతురి ముక్కు నీడ పెదవి మీద పడకూడదు, పెళ్ళికొడుకు నుదుటి చెమట మెరవకూడదు, పురోహితుడి బట్టతల అసలే మెరవకూడదు. ఇవన్నీ ఆయనకి చేతి అంచనా. ఎదురుగా అరచెయ్యంత జాగాలో మసకగా కనిపించేది. మిగిలిందంతా నా కెమెరా చెప్పేది. చప్పుడు ఏ పక్క నుంచి వచ్చిందో విని నేనెక్కడున్నానో తెలుసుకునేవారు, లైటు అటు తిప్పేవారు. రెండు దెబ్బల మధ్య కాస్త ఎడం వినిపిస్తే వెలుతురు చాలక నేను నిదానంగా తీస్తున్నానని తెలుసుకుని ఒక అడుగు ముందుకు వచ్చేవారు. 'టక్' అన్నాక చెయ్యి దించేవారు. మేమిద్దరం పెళ్ళిళ్ళలో మాట్లాడుకునేవాళ్ళం కాదు. అవసరం ఉండేది కాదు.

ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. కళ్ళు కనపడని మనిషి స్టూడియోకి పెళ్ళి ఆర్డర్ ఎవరిస్తారు? ఎవరైనా చెయ్యి ఊపితే ఆయన తిరిగి ఊపకపోతే, "కళ్ళజోడు మర్చిపోయారు" అనేదాన్ని. ఏళ్ళ తరబడి మా ఆయన కళ్ళజోడు మర్చిపోతూనే ఉన్నారు, జనం నమ్ముతూనే ఉన్నారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా పెళ్ళిళ్ళలో పురోహితుడి కన్నా ఫోటోగ్రాఫర్ మాటకి బలం ఎక్కువ. తాళి మూడో ముడి దగ్గర పెళ్ళికొడుకు చేతులు గాల్లో ఆపి మా వైపు చూస్తాడు. ఫోటో పడితేనే ముడి పడుతుంది. పడకపోతే మా ఆయన, "పంతులు గారూ, ఫోటో ఇంకా పడలేదు, ఇంకోపాలి" అనేవారు. పంతులు ఇంకోపాలి చదివేవాడు, మేళగాడు ఇంకోపాలి వాయించేవాడు. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. ఫోటోలో లేని పెళ్ళి జరిగినట్టా?

అన్నీ బాగానే ఉన్నప్పుడు కెమెరా ఎందుకు మార్చావంటే, చాలా కారణాలు చెప్పగలను. ఆర్డర్ ఇవ్వటానికి వచ్చేవాళ్ళు ముందుగా, "మిర్రర్‌లెస్ ఉందా మేడం?" అని అడగటం మొదలుపెట్టారు. దాంట్లో ఏముంటుందో వాళ్ళకి తెలియదు. జగదల్‌పూర్ స్టూడియోల వాళ్ళు వ్యాన్‌లో వచ్చి తీసి వెళ్తున్నారు, వాళ్ళ దగ్గర ఉంది, అంతే. నా మణికట్టు కూడా పాత కెమెరా బరువుకి సాయంత్రానికల్లా వాచిపోయేది. అయితే అసలు కారణం ఇవేవీ కాదు. జగదల్‌పూర్ షాపులో దాన్ని ఒకసారి కంటికి పెట్టుకుని చూశాను. తీయబోయే ఫోటో తీయకముందే లోపల కనిపిస్తోంది. ఎదురుగా ఉన్న మనిషి కంటి మీద ఒక చిన్న చదరం వచ్చి కూర్చుంటోంది. మనిషి కదిలితే అదీ కదులుతోంది. ఇన్నాళ్ళూ నేను తీసిన ప్రతి ఫోటోలో కన్ను స్పష్టంగా వచ్చిందో లేదో అని గుండె దడదడలాడేది. అది అక్కర్లేదంటోంది ఈ కెమెరా. నాకది కావాలనిపించింది. చీర మీద కూడా అంత మనసు పడలేదు ఎప్పుడూ.

"కొత్త వింత, పాత రోత" అని మా ఆయన ఎగతాళి చేశారు. కానీ వద్దనలేదు. కొత్తదాన్ని చేతిలోకి తీసుకుని అంతా తడిమి, "ఇదేటే, సబ్బు డబ్బాలాగున్నాది" అన్నారు. పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయాలి. షాపతనికి ఇవ్వబోతూ ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి నొక్కారు. షాపతను హిందీలో, "చల్ రహా హై నా, భయ్యా?" అన్నాడు, పనిచేస్తోందో లేదో పరీక్ష చేస్తున్నారనుకుని. "హా, చల్‌తా హై" అని ఇచ్చేశారు. నేనప్పుడు కొత్త కెమెరా పట్టీ సరిచేసుకుంటున్నాను.

ఇంటికొచ్చాక నాలుగు రోజులు దాన్ని పసిబిడ్డలా చూసుకున్నాను. పాత కెమెరాలో బొమ్మ పడే లోపలి గాజుకి ముందు అద్దం అడ్డం ఉండేది. దీంట్లో లెన్స్ తీస్తే లోపలి గాజు బట్టలు లేకుండా నిలబడ్డట్టు ఎదురుగానే ఉంటుంది. మా ఊళ్ళో ఇనప దుమ్ము సంగతి తెలిసిందే కదా, ఉతికిన తెల్ల బట్ట సాయంత్రానికి ఎర్రబడుతుంది. అందుకని గదిలో తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి లెన్స్ మార్చేదాన్ని. "దుకాణంలో పురుడు పోస్తున్నావేటి?" అని బయట నుంచి ఆయన అడిగేవారు. నవ్వుకున్నాం. ఆ నవ్వులో చప్పుడు సంగతి ఇద్దరికీ తట్టలేదు.

తట్టలేదని కూడా అనలేను. కిరందుల్‌లో ఒక చర్చి పెళ్ళి ఒప్పుకున్నాం. పాస్టరు గారు కొత్తగా వచ్చారు, మెత్తని మనిషి. "ప్రార్థన జరిగేటప్పుడు ఆ టకటక వద్దమ్మా. లైటుంటే ఉండనివ్వండి. చప్పుడు మాత్రం వద్దు" అన్నారు. కొత్త కెమెరా ఉంది కదా, చప్పుడే ఉండదని గర్వంగా చెప్పాను. ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, "అయితే మోచెయ్యి తట్టు. ఫోటో పడ్డాక ఒకసారి తట్టు, అంతే" అన్నారు. అంతే అనుకున్నాం.

పెళ్ళి మొదట్లో అలాగే జరిగింది. నేను ఆయన పక్కనే ఉన్నాను, తీస్తున్నాను, మోచెయ్యి తడుతున్నాను. ఉంగరాలు మార్చుకునే వేళకి చుట్టాలందరూ ఫోన్లు ఎత్తుకుని ముందుకి తోసుకొచ్చారు. నేను ఆయన పక్క నుంచి అవతలి వైపుకి జరగాల్సి వచ్చింది. అక్కడ పెళ్ళికూతురి తల్లి పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. తీశాను. ఇటు తిరిగి ఉంగరం తొడగటం తీశాను. పాత కెమెరాతో ఎప్పుడూ రానంత బాగా వచ్చింది. కళ్ళు రెండూ గుచ్చినట్టు ఉన్నాయి. తీస్తున్నకొద్దీ తీయాలనిపించింది. ఉంగరం వేలికి ఎక్కింది. పాస్టరు గారు కళ్ళు మూసుకుని ప్రార్థనకి నోరు తెరిచారు. చర్చి అంతా తలలు వంచింది.

మా ఆయన మాత్రం లైటు పైకెత్తి, తల కొంచెం వంచి, అలాగే నిలబడి ఉన్నారు. ఆయన చెవికి ఒక్క ఫోటో కూడా పడలేదు. మోచెయ్యి ఎవరూ తట్టలేదు. ఆ ఇంటి పిల్ల పెళ్ళి ఉంగరం ఫోటో లేకుండా పోతోంది. నాకేదో అయిందనో, కొత్త యంత్రం మొరాయించిందనో అనుకుని ఉంటారు. ఇన్నేళ్ళూ చేసిన పనే చేశారు.

"అయ్యగారూ, ఒక్క నిమిషం ఆగండి. ఫోటో ఇంకా పడలేదు. ఉంగరం ఇంకోపాలి తొడిగించండి."

చర్చిలో గొంతు ఎలా మోగుతుందో మీకు తెలుసు. వంచిన తలలన్నీ లేచాయి. పాస్టరు గారు కళ్ళు తెరిచి నా వైపు చూశారు. నేను మా ఆయనకి సరిగ్గా ఎదురుగా ఉన్నాను. పడిందని తల ఊపాను. ఆయన మళ్ళీ, "ఇంకోపాలి, అయ్యగారూ" అన్నారు. నేను రెండు చేతులూ ఎత్తి ఊపాను. ఊపుతుండగా, ఎవరికి ఊపుతున్నానో గుర్తొచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషికి చేతులు ఊపటం అదే మొదలు. జనం అంతా ఒకసారి నన్ను, ఒకసారి ఆయన్ని చూస్తున్నారు. పెళ్ళికూతురి మేనమామ పక్కవాళ్ళతో అన్నాడు. మెల్లిగానే అన్నాడు గానీ అందరికీ వినపడింది.

"ఎదురుగా ఆవిడ సేతులు ఊపుతాంటే కనపడదేటి, ఈయనకి?"

ఎవరో కిసుక్కుమన్నారు. నేనే, "పడిందండీ. ఎప్పుడో పడింది" అన్నాను. "ఓహో" అన్నారు మా ఆయన. లైటు దించారు. పాస్టరు గారు పెద్దమనసుతో నవ్వి ప్రార్థన మొదలుపెట్టారు.

భోజనాల దగ్గర ఎవరో వచ్చి మా ఆయన చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. మంచినీళ్ళ గ్లాసు తెచ్చి వేళ్ళలో పెట్టారు. అప్పటిదాకా ఏ విందులోనైనా ఆయన గ్లాసు ఆయనే వెతుక్కునేవారు, నేను పక్కన కూర్చుని అన్నం గురించి మాట్లాడుతున్నట్టుగా, "పప్పు ఎడంవైపు వేశారేంటో" అనేదాన్ని. ఇక ఆ నాటకం అక్కర్లేదు. ఆయన గ్లాసు తెచ్చిన మనిషికి థాంక్స్ చెప్పారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకతె. జబ్బు వచ్చినప్పుడు కూడా అంత ఏడుపు రాలేదు నాకు.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఆయన మీదే విరుచుకుపడ్డాను. "అంత గట్టిగా అరవాలా? కాసేపు ఆగి ఉంటే నేనే వచ్చేదాన్ని కదా."

"పడకపోతే అడగాల కదేటే. ఎప్పుడూ అడిగేం కదా" అన్నారు ఆయన. ఆయన అన్నది నిజమే. కాబట్టి ఇంకాస్త కోపం తెచ్చుకున్నాను.

మర్నాటి నుంచి ఉపాయాలు. కెమెరా మెనూలో వెతికితే, నొక్కినప్పుడు చప్పుడు చేసే ఏర్పాటు ఉంది. పెట్టాను. ఆయన రెండు మూడుసార్లు విని పెదవి విరిచారు. "ఇది రేడియోలో వచ్చినట్టున్నాది. నువ్వు నొక్కినట్టు లేదు. ఎప్పుడు నొక్కినా ఒకలాగే అంటోంది." లోపలున్న అసలు షట్టర్‌తో కూడా తీయవచ్చు. దానికి చప్పుడుంది, కానీ పలచన. అద్దం దెబ్బ లేదు. "నొక్కుతున్నావా, గొంతు సవరించుకుంటన్నావా?" అన్నారు. గదిలో అయితే వినిపించేది. పందిట్లో ఎక్కడ వినిపిస్తుంది?

తర్వాత నేనే ఫోటో ఫోటోకీ "ఊఁ" అనాలని ఒప్పందం చేసుకున్నాం. ఒక బారసాలలో అలాగే తీశాను. ఊఁ, ఊఁ, ఊఁ అని మూలుగుతూ ఉయ్యాల చుట్టూ తిరుగుతుంటే, ఆ ఇంటి పెద్దావిడ నా దగ్గరకొచ్చి, "కడుపునొప్పేటమ్మా? వామ్ము తెచ్చి ఇమ్మంటావేటి?" అని అడిగింది. మా ఆయన లైటు పట్టుకునే నవ్వారు. ఆ ఫోటోలన్నిటిలో వెలుగు కాస్త ఊగింది. అయినా ఆ రోజు నాకు ధైర్యం వచ్చింది. దీంతో నెగ్గుకురావచ్చు అనుకున్నాను.

ఆ వారమే మార్కెట్ వెనక మైదానంలో ఒక పెళ్ళి. డీజే పెట్టారు. నేను అరిచినా నాకే వినపడలేదు. లైటు ఒక పక్క, నేను ఒక పక్క. తలంబ్రాలు సగం చీకట్లో పడ్డాయి. నేను వెళ్ళి ఆయన భుజం పట్టుకుని ఇటు తిప్పాను, మళ్ళీ అటు తిప్పాను. మూడోసారి తిప్పబోతే ఆయనే నా చెయ్యి తీసి పక్కన పెట్టారు. కోపంగా కాదు. కోపంగా తీసినా బాగుండేది.

పాత కెమెరా మళ్ళీ కొనుక్కోవచ్చు కదక్కా అంది మా చెల్లి ఫోన్‌లో. అదే కాకపోతే అలాంటిదే ఎక్కడైనా దొరుకుతుంది. నిజమే, దొరుకుతుంది. నాకే ఇష్టం లేదు. ఈ మాట ఆయనకి చెప్పలేదు, చెల్లికీ చెప్పలేదు. కొత్తదాంతో తీసిన ముఖాలు చూశాక పాతదాంతో తీసినవి చూస్తే, ఇన్నాళ్ళూ నేను తీసింది ఇవా అనిపిస్తోంది. మా ఆయన కోసం చెడ్డ ఫోటోలు తీయాలా? తీయాలేమో. ఇలాంటి ప్రశ్న ఒకటి నా కాపురంలోకి వస్తుందని ఎవరు అనుకున్నారు? బట్టలు ఉతుకుతూ, బియ్యం కడుగుతూ దీని గురించే ఆలోచించేదాన్ని. ఎటు తేల్చుకున్నా ఎవరికో ఒకరికి ద్రోహం చేసినట్టే ఉంది. కెమెరా మీద, పాస్టరు గారి మీద, ఆ మేనమామ మీద వరసగా కోపం తెచ్చుకుని, చివరికి మళ్ళీ నా దగ్గరికే వచ్చి ఆగేదాన్ని.

గీదంలో ఒక పెళ్ళి ఆర్డర్ వచ్చింది. పెళ్ళికూతురి అన్న ఫోన్ చేశాడు. అంతా మాట్లాడాక, "మీరొక్కరే రండి మేడం. సార్‌ని శ్రమ పెట్టొద్దు" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే తిట్టడానికి కూడా వీల్లేకపోయింది. నేను సరేనన్నాను. మా ఆయనతో, "హాల్లో వెలుతురు బాగుందట, రెండో మనిషి అక్కర్లేదన్నారు" అని చెప్పాను.

ఆయన, "స్టాండు ఒకటి కొనుక్కో. గాలికి పడిపోకుండా కాళ్ళకి ఇసక సంచి కట్టు" అన్నారు.

కొన్నాను. ఇసక సంచి ఆయనే కుట్టారు. మా మామగారి పాత ఖాకీ ప్యాంటు గుడ్డతో, తడుముకుంటూ, సూది వేలికి గుచ్చుకుంటే చప్పరించుకుంటూ కుట్టారు. నేను చేస్తానంటే ఇవ్వలేదు.

గీదం పెళ్ళిలో స్టాండు పెట్టినచోట పెట్టినట్టే ఉంది. అలసిపోలేదు, ఊగలేదు, అయ్యగారినీ పంతులునీ ఆపలేదు. ముక్కు నీడలు సరిచూసుకోవటానికి నేనే అటూ ఇటూ పరిగెత్తాల్సి వచ్చింది, అంతే. ఫోటోలు బాగా వచ్చాయి. ఇంకా చెప్పాలంటే, మేమిద్దరం కలిసి తీసిన ఏ పెళ్ళి కన్నా బాగా వచ్చాయి. అవి చూస్తూ పెళ్ళికూతురి అన్న, "లైటింగ్ ఎంత నిలకడగా ఉంది మేడం" అని మెచ్చుకున్నాడు. ఇన్నేళ్ళలో లైటుని ఎవరూ మెచ్చుకోలేదు.

ఇంటికొచ్చేసరికి ఆయన గుమ్మంలో కూర్చుని ఉన్నారు.

"ఎలా పడ్డాయి?"

"బాగానే పడ్డాయి."

"లైటు?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. స్టాండు సరిగ్గా లేదని, మీరుంటే బాగుండేదని. కానీ నా గొంతులో ఏది నిజమో ఏది కాదో ఆయన ఇట్టే పట్టేస్తారు. "బాగుందన్నారు" అన్నాను.

"మరి స్టాండు కదల్దు కదా" అన్నారు ఆయన. "నాకోసం ఎవరైనా అడిగేరా?"

"అడిగారు" అన్నాను. ఎవరూ అడగలేదు. అది అబద్ధమని ఆయనకి తెలిసింది. లోపలికి వెళ్ళి నాకు అన్నం వడ్డించారు.

తర్వాత రెండు మూడు పెళ్ళిళ్ళకి స్టాండుతోనే వెళ్ళాను. ఆయన నన్ను ఏమీ అడగటం మానేశారు. స్టూడియోలో కూర్చుని వచ్చినవాళ్ళతో కబుర్లు చెబుతున్నారు. ఇంట్లో ఇద్దరం మెల్లగా మాట్లాడుకుంటున్నాం, ఎవరికో జబ్బు చేసినట్టు.

మొన్నీమధ్య ఒక పొద్దున్న దుకాణం తీసి ఊడుస్తుంటే, ఆయన తలకి నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. ఎవరి పెళ్ళికని అడిగాను.

"దంతెవాడలో ఆ సర్టిఫికెట్టు ఇస్తారన్నావు కదా. దానికి ఫోటో కావాలట. తియ్యి."

కళ్ళు కనపడనివాళ్ళకి ఇచ్చే సర్టిఫికెట్టు అది. డాక్టర్ చెప్పిన ఏడాది నుంచి నేను ఆ మాట ఎత్తుతూనే ఉన్నాను. ఎత్తిన ప్రతిసారీ ఆయన అన్నం మానేసేవారు. "నేను పని చేసుకుంటన్నాను. పనివాడికి ఆ కాగితం దేనికి?" అనేవారు. ఇప్పుడు నేను ఏమీ అనకుండానే వచ్చారు. నాకు సంతోషం కలగాలి. రైలు పాసు వస్తుంది, ఇంకేవో వస్తాయి. చీపురు అక్కడే పడేసి లోపలికి వెళ్ళాను.

స్టూల్ ఎక్కడుందో ఆయనకి తెలుసు. జనాన్ని దానిమీద ఇన్నేళ్ళు కూర్చోబెట్టిన మనిషి. వెళ్ళి కూర్చున్నారు. పక్కనున్న స్టాండుని చేత్తో తడిమి, గొట్టం ఎంత పైకుందో చూసుకుని, "ఎత్తెక్కువయింది, దించు" అన్నారు. దించాను. కాలర్ సరిచేశాను. దువ్వెన కోసం ఆయన చెయ్యి చాపితే ఇచ్చాను.

కెమెరా కంటికి పెట్టుకున్నాను. చదరం వచ్చి ఆయన కంటి మీద కూర్చుంది, ఆకుపచ్చగా మారింది. కన్ను దొరికిందని కెమెరా చెబుతోంది. ఆ కన్ను మాత్రం నన్ను దాటి, నా భుజం పక్కనున్న గోడని చూస్తోంది. మా పాత కెమెరాతో ఆయన్ని ఎన్నోసార్లు తీశాను. ఎప్పుడూ నా వైపే చూసేవారు. నేనెక్కడున్నానో అది చెప్పేది కాబట్టి చూసేవారని ఇప్పుడు అర్థమైంది.

"ఇటు చూడండి" అన్నాను. నా గొంతు వైపు తిరిగారు. చదరం ఆయన కంటితో పాటే జరిగింది. నొక్కాను.

ఫోటో పడింది. ఎలాంటి వంకా లేని ఫోటో. రెండు కళ్ళూ, రెండు చెవులూ, నూనె తల, ఇస్త్రీ కాలర్.

ఆయన కదల్లేదు. పెదవులు బిగించి, ఊపిరి బిగబట్టి, తల కొంచెం వంచి వింటున్నారు. ఇప్పుడు నేను 'ఊఁ' అనాలి. అదే కదా మా ఒప్పందం. అంటే ఆయన స్టూల్ మీద నుంచి లేస్తారు, మేము ఆ ఫోటో పట్టుకుని దంతెవాడ వెళ్తాం, ఇంక ఎవరూ ఆయన్ని లైటు పట్టుకోమని అడగరు. నేను కెమెరా కంటి నుంచి దించలేదు. బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు.

"ఇంకా పడలేదేటే?" అన్నారు ఆయన.

"లేదండీ" అన్నాను. "కదలకండి."